పెన్నా ఇసుకలో దయ్యం బొమ్మ

దయ్యం సినిమా బాగుందో లేదో తేల్చడానికి ఇప్పటి కుర్రాళ్లు ఏవేవో మాట్లాడతారు. కెమెరా అంటారు, మేకప్ అంటారు. విని ఊరుకుంటాను. ఆ విద్య నేను జమ్మలమడుగు టూరింగ్ టాకీసులో ఇసుక చూసి నేర్చుకున్నాను.

అప్పట్లో నేను తాలూకాఫీసులో గుమాస్తాను. అక్కడ నా మాట వినే నాథుడు లేడు. బంట్రోతు కూడా రెండుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు. కానీ పెన్నా ఒడ్డున వేసిన గుడారంలో ఇంగ్లీషు బొమ్మ పడిందంటే, తెర పక్కన స్టూలు మీద కూర్చుని మైకులో తెలుగు చెప్పేది నేనే. ప్రొద్దుటూరులో ఎస్సెల్సీ దాకా చదివిన ఇంగ్లీషు అందుకు సరిపోయేది. సరిపోని చోట కల్పించేవాణ్ని. వీధిలో పోతుంటే "మైకప్ప పోతాండాడు చూడు" అనేవారు. ఆ మాట కోసం ఏ గడ్డయినా కరిచేవాణ్ని, దాచడమెందుకు!

ఒకసారి ఇంగ్లీషు కూడా కాని బొమ్మ ఒకటి వచ్చింది. ఏ దేశానిదో రీళ్ల పెట్టె చూసినా తెలియలేదు. తెర అడుగున మాత్రం ఇంగ్లీషు అక్షరాలు పడేవి. సముద్రం పక్కన ఒక ఇల్లు, అందులో ఒంటరిగా ఒక ముసలామె. రోజూ పొద్దున ఆమె లేచేసరికి గచ్చు మీద ఒక తడికాలి గుర్తు. మొదటిరోజు వాకిట్లో, మర్నాడు గడప లోపల, అట్లా రోజుకొక అడుగు మంచం వైపు. బొమ్మంతా ఇంతే. కోరలు లేవు, జుట్టు విరబోసుకుని అరిచేవాళ్లు లేరు, పాట అసలే లేదు. ఓనరు ముందుగా వేయించుకుని చూసి తల పట్టుకున్నాడు.

"మూడు దినాలు ఆడిస్తా. జనం భయపడకపోతే పెట్టె వాపసు. ఇంగ్లీషు బొమ్మలు బంద్, నీ మైకూ బంద్. మన దేవుళ్ల బొమ్మలే వేసుకుంటా" అన్నాడు నాతో.

మొదటి ఆటకు శక్తివంచన లేకుండా గొంతు చించుకున్నాను. హరికథలు విని పెరిగినవాణ్ని. దాసుగారు రాబోయేది ముందే చెప్పి జనాన్ని ఊరిస్తారు కదా, నేనూ అదే పట్టుకున్నాను. "అదిగో! ఈ రాత్రి గడప దాటుతుంది! పాపం ముసలిదానికి తెలియదు! రేపు మంచం దగ్గరికే!" అని ఒకటే కేకలు. నేలక్లాసు పగలబడి నవ్వింది. "అవ్వా, గచ్చు తుడుచుకోరాదా!" అని ఎవడో అరిచాడు. రీలు మార్చడానికి దీపాలు వేస్తే సగం మంది బీడీలకని బయటికి పోయారు.

మర్నాడు పొద్దున్నే, ఆఫీసుకు పోకముందు, మనసు ఆగక గుడారానికి వెళ్లాను. ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు. పులివెందుల సాయిబు, నాకంటే పదేళ్లు పెద్ద, మామా అని పిలిచేవాణ్ని. ఊడ్చేవాళ్లు రాకముందే నేలక్లాసు ఇసుకలో వంగి వంగి చూస్తూ నడుస్తున్నాడు.

"ఏంది మామా, ఏమన్నా పారేసుకున్నావా?"

"బొమ్మ ఎట్లుందో చూస్తాండా."

నవ్వబోయి ఆగాను. చేయి పట్టుకుని తీసుకుపోయి చూపించాడు. మనిషి కూర్చున్న చోట ఇసుకలో గుంట పడుతుంది. ఆట మొదట్లో జనం ఎడంగా, కాళ్లు చాపుకుని కూర్చుంటారు. భయం పట్టుకుంటే తమకు తెలియకుండానే పక్కవాడి వైపు జరుగుతారు. అప్పుడు గుంట నుంచి ఇసుక ఈడ్చుకుపోయిన చార పడుతుంది. ఇలాంటి బొమ్మలకు రోజుకు ఒక్క ఆటే కాబట్టి గుర్తులు పొద్దుటి దాకా చెరగవు.

"పోయినేడు గోరీల్లోంచి లేసొచ్చే బొమ్మ ఆడింది చూడు, దానికి కేకలు శానా పడినాయి. ఇసుక మాత్రం కదల్లా. కేకదేముంది అప్పా, ఎవడన్నా ఎనకనుంచి గిల్లినా వస్తాది. ఇసుక ఊరికే కదల్దు. ఇంకోటి, రీలు మార్చేటప్పుడు ఎవరూ లేసి పోకూడదు. ఈ రెండూ ఉంటేనే అది బొమ్మ."

"మరి ఇది?"

"ఇది మంచిదే. నువ్వే అడ్డం పడతాండావు. దయ్యం వచ్చేది నువ్వు ముందే చెప్పేస్తే, ఇంక అది వచ్చి ఏం చేయాల?"

ఒళ్లు మండిపోయింది. నన్నే నోరు మూసుకోమంటాడా! విసవిసా ఆఫీసుకు పోయాను. కానీ ఆ రోజంతా ఫైళ్ల ముందు అదే ఆలోచన. నిజంగా మూసుకుంటే ఏమవుతుంది? ఆ నవ్విన జనమే జరుగుతారా? ఎంతమంది? ఏ అడుగు దగ్గర? తెలుసుకోకపోతే అన్నం సయించేటట్టు లేదు.

రెండో ఆటకు ముసలామె ఎవరో, మొగుడు సముద్రంలో ఎట్లా పోయాడో చెప్పాను. తడికాలు మొదటిసారి కనబడగానే మైకు కట్టేసి ఒళ్లో పెట్టుకున్నాను. ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను! "మైకప్పా, నిద్రపోయినావా ఏంది?" అన్నాడొకడు. కొందరు నవ్వారు. మూడో అడుగుకు ఆ నవ్వు ఆగిపోయింది. రీలు మారింది, దీపాలు వెలిగాయి. ఒక్కడూ లేవలేదు. సోడాలవాడు కూడా తెల్లటి తెరనే చూస్తూ నిలబడ్డాడు.

పొద్దున ఓనరును కూడా పిలుచుకొచ్చి చూపించాం. నేలక్లాసు నడుమ గుంటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అంచుల దగ్గర ఎవరూ నిలిచినట్టు లేదు, అన్నీ లోపలికి ఈడ్చుకుపోయిన చారలే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఓనరు అంతా తిరిగి చూశాడు. "భలే! ఇంగ్లీషు బొమ్మలు ఆడిద్దాం" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, కోపమేమీ లేకుండానే, "నువ్వు నోరు మూసుకుంటే జనం ఇంత భయపడతాంటే, ఇంక నీకు మైకెందుకప్పా?" అన్నాడు.

ఆపరేటరు తల దించుకున్నాడు. ఆఫీసుకు పోయే దారిలో నిజంగానే ఏడ్చాను.

అయినా మూడో ఆటకు నేల టికెట్టు కొనుక్కుని, గుడారం అంచున గుంజ పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ తెర పక్కనుంచి ఏటవాలుగా చూడటమే గానీ, ఒక్క బొమ్మనూ ఎదురుగా చూసినవాణ్ని కాను. ప్రతి అడుగూ నాకు తెలుసు, ఏది ఎక్కడ పడుతుందో తెలుసు. ఇంక నాకు భయమేమిటి అనుకున్నాను. ఆఖరి అడుగు మంచం పక్కన పడింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు నన్ను మోచేత్తో పొడిచి, "ఏందప్పా, నా ఒళ్లో కూసుంటావా ఏంది?" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆపరేటరు నన్ను గుంజ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ నుంచి నేలక్లాసు నడిమి దాకా పొడుగాటి చార. దాని మొదట్లో నా తువ్వాలు పరిచింది పరిచినట్టే ఉంది. ఇంటికి పోయేటప్పుడు అది గుర్తే రాలేదు.

"అన్నిటికంటే పొడుగుది ఇదే. నీదే కదప్పా?" అన్నాడు.

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాను. "బొమ్మ మంచిదే మామా" అన్నాను.