కదలని కుర్చీ

ఇవాళ నేను ఒక పెన్‌డ్రైవ్ మొరాయిస్తే దాన్ని దర్శకుడి శైలి అని వాదించాను. దాంతో ఒకమ్మాయి చేతిలోంచి సినిమా జారిపోయింది.

జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసు. దర్శకురాలిగా ఆ అమ్మాయికిది తొలి సినిమా, యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి కథ. ఆ తల్లి ముఖాన్ని దగ్గరగా, చాలాసేపు చూపించాలని ఆమె పట్టు. జనం లేచి వెళ్లిపోతారని నిర్మాత భయం. ఆయనకు ధైర్యం చెప్పడానికి, మూకీల కాలం నాటి ఒక బ్రిటిష్ యుద్ధచిత్రం వేసి, ఆ దర్శకుడి శైలి వివరించమని, పాత దర్శకుణ్ణి కదా అని ఆమే నన్ను పిలిచింది. నేను ఆ సినిమా చూడలేదు. చూడని సినిమాల గురించి మాట్లాడటం ఫిల్మ్‌నగర్‌లో మాకు కొత్త కాదు.

తెర మీదికి ఒక ఖాళీ కుర్చీ వచ్చింది. ఎంతకీ పోలేదు.

“చూడండి, ఎంత నిగ్రహమో!” అన్నాను.

“సార్, అది ఆగిపోయింది. కింద టైం గూడ కదుల్తలేదు,” అందామె.

“టైం చూసేవాళ్లు సినిమా ఏం తీస్తారమ్మా?”

నిర్మాత అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నారు. “మా బావమరిది పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదండీ. మనమూ ఐదు నిమిషాలు కుర్చీయే చూపిద్దాం. ఈ అమ్మాయికి ఇది అర్థం కాలేదంటే... మీరే డైరెక్ట్ చేసేయండి.”

నేను వద్దనలేదు. అసలు తప్పు అదే.

మధ్యాహ్నం మధురానగర్‌లో ఇంటికొచ్చి ఆ సినిమా లాప్‌టాప్‌లో చూశాను. కుర్చీ ఉండేది రెప్పపాటు. తల్లి వచ్చి అందులో కూర్చుంటుంది. కెమెరా ఆమె ముఖం దగ్గరికి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఆ అమ్మాయి అడిగింది సరిగ్గా అదే.

ఫోన్ చేసి క్షమించమన్నాను.

“నాకు చెప్తే ఏం లాభం సార్? ఆయనకు చెప్పుండ్రి.”

సాయంత్రం ఇద్దరం వెళ్లాం. సినిమా చూడకుండానే వాగానని, ఆ కథ నేను తీయనని నిర్మాతకు చెప్పాను.

“మరి పొద్దున నేను ఏడ్చింది దేనికండీ?”

“ఆగిపోయిన బొమ్మకి. నా మాటలకి.”

“ఇప్పుడు ఆ ఏడుపు వెనక్కి తీసుకోవాలా?”

నా లాప్‌టాప్ తెరిచి సినిమా మళ్లీ వేశాను. తల్లి ముఖం రాగానే ఆయన నా వైపు తిరిగారు. “ఇదీ ఆగిందా?”

“ఈ అమ్మాయిని అడగండి.”

“లేదు సార్, జర ఆ కండ్లు చూడుండ్రి,” అందామె.

ఆయన చూశారు. లేచి వెళ్లిపోలేదు. కాసేపటికి, “ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామమ్మా?” అని ఆమెనే అడిగారు. సినిమా ఇంకా సగం ఉంది. లాప్‌టాప్ వాళ్లకే వదిలేసి బయటికొచ్చేశాను.