పళ్ళతో బిగించిన ముడి

నా చిన్నప్పుడు నాకు ముడి వేయడం బాగా వచ్చునని మహా గర్వంగా ఉండేది. ఒక ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేసి, కొసను పళ్ళతో పట్టుకుని లాగేదాన్ని. నేను కట్టిన పప్పు మూటల్ని మా నాయనమ్మ కొడవలి పెట్టి కోసుకోవాల్సిందే. "ఇదేం ముడే, మూడు తరాలుండేటట్టుంది" అని ఆవిడ విసుక్కుంటే, అది మెచ్చుకోలే అనుకునేదాన్ని. తుఫాను హెచ్చరికతో ఫోన్లు మోగినప్పుడల్లా, ఈ తెనాలి ఇంట్లో కూర్చున్న నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ముడే.

మా ఊరు రేపల్లెకి దిగువన, సముద్రపు పోటు కాలువల్లోకి ఎక్కేంత దగ్గర్లో ఉండేది. మా తాతయ్య పశువుల మనిషి. సొంత పొలం లేకపోయినా, ఊళ్ళో ఏ గొడ్డుకి జబ్బు చేసినా ఆయన్నే పిలిచేవారు. ఆయన వేసేది ఎప్పుడూ జారుముడే. కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే విడిపోయేది. నా దృష్టిలో అదసలు ముడే కాదు. మాకు ఒక గేదె, దానికి రెండు నెలల దూడ ఉండేవి. ఆ దూడ నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. పొద్దున లేవగానే దాని నుదురు గోకేదాన్ని. బడి నుంచి రాగానే దాని పక్కన కూర్చుని ఎక్కాలు వల్లె వేసేదాన్ని. అది నా పుస్తకం అట్ట నమిలితే దానికీ చదువు వస్తోందని సంబరపడేదాన్ని.

వరి కోతలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆకాశం మాడిన రంగుకి తిరిగి, ఈదురుగాలి లేచింది. తాతయ్య గోనె కప్పుకుని ఊరంతా తిరిగాడు. "పలుపులు విప్పెయ్యండయ్యా. నీళ్ళొస్తే వదిలేసిన గొడ్డు ఈదుకుంటది, కట్టేసిన గొడ్డు అక్కడే పోద్ది" అని ఇంటింటికీ చెప్పాడు. మా గేదెనీ దూడనీ అందరికంటే ముందే విప్పేసి, పాక తడిక తీసి పక్కన పడేశాడు. ఆ తర్వాతే మమ్మల్ని మెరక మీదున్న చర్చికి బయల్దేరదీశాడు. ఊళ్ళో గట్టి గోడలున్నది అదొక్కటే. ఆ పూట దేవుడెవరైనా సరే, అందరూ అందులోనే తలదాచుకున్నారు.

సగం దారిలో పలక మర్చిపోయానని అబద్ధం చెప్పి నేను వెనక్కి పరిగెత్తాను. వానలో దూడ ఒక్కటే బెదిరిపోయి అటూ ఇటూ గెంతుతోంది. గేదె కనిపించలేదు. ఇది తప్పిపోతే ఎలా? ఎవరైనా తోలుకుపోతే? తాతయ్యకి దీని మీద నాకున్నంత ప్రేమ లేదు, అందుకే ఇలా గాలికొదిలేశాడనుకున్నాను. దాన్ని పాకలోకి లాక్కెళ్ళి కట్టుకొయ్యకి కట్టాను. రెండు ముళ్ళు వేసి పళ్ళతో బిగించాను. కదలకుండా ఉండమని చెప్పి, నుదుటి మీద ముద్దు పెట్టి వచ్చేశాను.

చీకటి పడేసరికి నీళ్ళు చర్చి మెట్లెక్కాయి. కాసేపటికి లోపలికి వచ్చాయి. తాతయ్య నన్ను భుజం మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. చెబితే ఆయన ఆ నీళ్ళలోకి దిగుతాడని నాకు తెలుసు. చెప్పకపోతే దూడ పోతుందనీ తెలుసు. చెప్పకుండా ఆయన జుట్టు గట్టిగా పట్టుకున్నాను. తిడతారని భయపడ్డానో, తాతయ్య పోతాడని భయపడ్డానో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

తెల్లారి చూస్తే ఊరు లేదు. ఇళ్ళ కప్పులు కాలువ గట్టుకి కొట్టుకుపోయి ఉన్నాయి. కోసిన వరి పనలు ఎవరి పొలంవో తెలియకుండా బురదలో కలిసిపోయాయి. నిన్నటిదాకా మాతో మాట్లాడినవాళ్ళలో కొందరు లేరు. వాళ్ళ గురించి రాయడానికి నాకు ఇవాళ్టికీ చెయ్యి రాదు.

మా పాక కూలిపోయింది గానీ కట్టుకొయ్య మాత్రం నిలబడే ఉంది. దాని కింద బురదలో నా దూడ. తాతయ్య దాని దగ్గర మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తర్వాత పలుపుని కొడవలితో కోశాడు. ఏదో రొండిన దోపుకున్నాడు. లేచి నిలబడి, అందరికీ వినిపించేటట్టు అన్నాడు.

"నేనే మర్చిపోయా. దూడని విప్పలేదు."

మా నాయనమ్మ నమ్మలేనట్టు చూసింది. ఎదురింటాయన, పాపం ఆయన ఇల్లు కూడా పోయింది, అయినా నోరు ఊరుకోలేదు. "ఏంటి బాబాయ్, ఊరందరికీ శకునం చెప్పే బల్లి తనెళ్ళి కుడితి తొట్లో పడ్డట్టు!" అన్నాడు. అంత ఏడుపులోనూ జనం ఒక్కసారి నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు. నేను నాయనమ్మ వెనక దాక్కున్నాను.

మూడో రోజుకి గేదె తిరిగొచ్చింది. కట్టుకొయ్య వాసన చూసి అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు వినలేక నేను చెవులు మూసుకున్నాను. దానికంటే పెద్ద కష్టం చర్చిలో ఉంది. పక్కింటి అక్కకి నెల్లాళ్ళ పాప. భయానికీ జ్వరానికీ అక్కకి పాలు ఎండిపోయాయి. రోడ్డుకి అడ్డంగా చెట్లు పడి, తెనాలి నుంచి వచ్చే లారీలు రేపల్లెలోనే ఆగిపోయాయి. మనుషులు నడిచొచ్చి పులిహోర పొట్లాలు ఇచ్చిపోతున్నారు గానీ నెలల పిల్ల పులిహోర తింటుందా? కూలిన చెట్ల కొబ్బరినీళ్ళు చుక్కచుక్కగా పోస్తున్నారు. పాప ఏడుపు రోజురోజుకీ సన్నగిల్లిపోతోంది. మా వీధిలో మిగిలిన పాడిగేదె మాదొక్కటే. కానీ దూడ మూతి పెట్టనిదే అది చేపదు, పాలు వదలదు. తాతయ్య దాన్ని చర్చి ముందుకి తోలుకొచ్చి, పొదుగు కడిగి, నిమిరి, బతిమాలి చూశాడు. అది కాలు విసిరింది. ఒక్క చుక్క రాలేదు.

నా ముడి దూడతో ఆగలేదని నాకు అప్పుడు అర్థమైంది. అది ఆ పాప గొంతు దాకా వచ్చింది.

మర్నాడు తాతయ్య ఎక్కడి నుంచో ఒక అనాథ దూడని చంకనేసుకుని వచ్చాడు. కాలువ గట్టు మీద తుమ్మ చెట్టు దగ్గర నిలబడి ఉందట, తల్లి జాడ లేదట. పరాయి దూడని గేదె దగ్గరికి రానివ్వదు. తాతయ్య నన్ను పిలిచి పొలంకేసి చూపించాడు. ఎండిన చోటల్లా సముద్రపు ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. "పోయి దోసెడు గీక్కురా. మనకి ఉప్పుకి కరువేంటి ఇప్పుడు" అన్నాడు. ఆ ఉప్పుని తడిపి దూడ వీపుకి, తోకకి నా చేతే రుద్దించాడు. "నీ చెయ్యి గేదెకి ఎరికే, నువ్వే రుద్దు" అన్నాడు. తాడు కోసం వెతకబోతే వద్దన్నాడు. ఊరికే చెయ్యి వేసి నిలబడమన్నాడు.

గేదె మొదటిసారి కొమ్ములు విసిరింది. రెండోసారి బుసకొట్టింది. దూడ పారిపోబోయింది. పట్టుకోవాలని నా చేతులు లాగుతున్నా, ఊరికే వేసి ఉంచాను. అది నాలుగడుగులు వెళ్ళి, తనే మళ్ళీ వచ్చింది. మూడోసారి గేదె నాలుక చాపి దాని వీపు నాకింది. ఉప్పు కోసమే నాకింది, ప్రేమ కోసం కాదు. కానీ నాకుతూ నాకుతూ ఉండగా దాని కళ్ళు మెత్తబడ్డాయి. దూడ పొదుగులో మూతి పెట్టింది. తాతయ్య గబగబా చెంబు పట్టాడు. పాలు పడిన చప్పుడికి పక్కింటి అక్క చర్చి గుమ్మంలోంచి ఏడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

ఆ పాలు కాచి, నీళ్ళు కలిపి, పాప నోట్లో గుడ్డ వత్తితో పోశారు. అది చప్పరించడం చూశాక నేనింక ఆగలేకపోయాను. తాతయ్య పంచె పట్టుకుని అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. రొండిన ఉన్నది తీశాడు. కోసిన పలుపు ముక్క, దాని మీద నా ముడి.

"చూడంగానే తెలిసింది లేవే. నా చేత్తో అలాంటి మొద్దు ముడి పడదు."

మరి నువ్వే మర్చిపోయానని ఎందుకు చెప్పావని అడిగాను.

"నన్నైతే నాలుగు రోజులు నవ్వి మర్చిపోతారు. నిన్నైతే నీ పెళ్ళయ్యేదాకా అంటారు."

నేను ముడి విప్పబోయాను. రాలేదు. తడి ముడి లాగితే ఇంకా బిగుస్తుందని, ఆరనివ్వమని అన్నాడు. దాన్ని ఎండలో రెండు రోజులు పెట్టాం. తర్వాత ఆయన ఒళ్ళో కూర్చుని, గోళ్ళతో కొంచెం కొంచెంగా విప్పాను. ఆ తాడు ముక్కతోనే నాకు జారుముడి నేర్పాడు. అప్పటి నుంచి నేను పళ్ళతో ఏదీ బిగించలేదు. బట్టలారేసే తాడైనా, మనవరాలి జడ రిబ్బనైనా ఒక్క గుంజుకి విడిపోయేలాగే కడతాను. రిబ్బను బడికి వెళ్ళేలోపే ఊడిపోతోందని మా కోడలు సణుగుతుంది. సణగనీ.

తాతయ్య లెక్క ఒకటి తప్పింది. ఊరు నాలుగు రోజుల్లో మర్చిపోలేదు. ఆయన్ని చివరిదాకా "శకునం బల్లి తాతా" అనే పిలిచారు. ప్రేమగానే పిలిచారు, ఆయనా ప్రేమగానే పలికాడు. ఆయన పోయిన రోజు చర్చి ముందు కూడా ఎవరో ఆ కథ ఎత్తుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అప్పటికి నా పెళ్ళయింది, చంకలో బిడ్డ కూడా ఉంది. లేచి, ఆ ముడి నాదని అందరిలో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "ఊరుకోమ్మా, తాత మీద ప్రేమ కొద్దీ అంటన్నావు" అని నన్నే ఓదార్చారు. పక్కింటి అక్క కూతురు, ఆ పాలు తాగిన పిల్ల, ఇప్పుడు బాపట్లలో టీచరు. తనూ నమ్మదు.

అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ దూడని విప్పడం మా తాతయ్య మర్చిపోలేదు.