ప్రోలాక్టిన్ వెయ్యని గిన్నెలు

పశువైద్య కళాశాల ప్రయోగశాలలో సహాయకుడిగా అది నా చివరి ఏడాది. పొన్నూరు నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని, తొలిసారి కడుపుతో ఉన్న గేదె పడ్డ పొదుగులోంచి తీసిన చిన్న ముక్కలను గాజు గిన్నెల్లో, పోషకద్రవంలో బతికించేది. ఇన్సులిన్, కార్టిసాల్ అన్ని గిన్నెల్లోనూ వేసేది. ప్రోలాక్టిన్ అనే హార్మోను మాత్రం సగం గిన్నెల్లోనే. అది పడితేనే ఆ ముక్కలు కేసీన్ అనే పాల ప్రోటీన్ తయారుచేస్తాయని చూపించాలి. అదే ఆమె థీసిస్.

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ప్రోలాక్టిన్ వెయ్యని గిన్నెల్లోనూ కేసీన్ కనిపించింది.

"గిన్నెలు తారుమారు చేసుంటావమ్మా. చెయ్యి కుదురు లేకపోతే ఈ పని రాదు. ఈసారీ ఇంతే అయితే వేరే అంశం చూసుకో," అన్నారు ఆమె గైడు, అందరి ముందూ. అప్పటికి ఆమె రెండేళ్ల శ్రమ ధారపోసింది అందులో.

తారుమారు కాలేదని నాకు తెలుసు. చీటీలు అంటించింది నేనే. ఇంటికి వెళ్లి ఆ నెలల డైరీలు వరసగా చదివాను. మూడుసార్లూ పోషకద్రవంలో కలిపిన సీరం కోసం నెత్తురు తెచ్చిన రోజు ఇలా రాసుకున్నాను: 'పది రోజుల కిందట ఈనిన గేదె. పొద్దున పాలు పితుకుతుండగా.'

నిజానికి ఆ రోజు నెత్తురు ఆ పడ్డ దగ్గరే తీద్దామని వెళ్లాను. కొట్టంలో పాలు పితికే ఆవిడ అడ్డం నిలబడింది.

"ఒకసారి కోసింది చాల్లేదా అయ్యగారూ? కడుపుతో ఉన్నదానికి మళ్లీ సూది పొడుస్తారా? మీ ఇంట్లో ఆడోళ్లు లేరా ఏంది? ఇదుగో, ఈ పాలగేదెకాడ తీసుకోండి. పాలు చేపుకొచ్చిందంటే కత్తి పెట్టినా కదలదు."

మా వైపు చూడి పశువును ఎవరూ నొప్పించరు. నాకూ సబబే అనిపించింది. పితికేటప్పుడు గేదె నెత్తుట్లో ప్రోలాక్టిన్ పెరుగుతుందని, ఇన్నేళ్లు ఆ పనిలో ఉండీ, నాకు తట్టలేదు. వెయ్యకూడని గిన్నెల్లో, సీరంతో పాటు, దాన్ని మేమే పోశాం.

మర్నాడు ఆ పేజీ గైడు ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"సీరం లేకుండా చెయ్యమనండి," అన్నారు.

నాలుగోసారి ప్రోలాక్టిన్ వెయ్యని గిన్నెల్లో కేసీన్ లేదు. వేసినవాటిలో నిండుగా ఉంది. ఆమె ఫలితాన్ని రాసుకుని నా వైపు తిరిగింది.

"బాబాయ్ గారూ, ఆ మొదటి మూడూ కూడా థీసిస్‌లో పెడతానండి. ఎందుకు తప్పాయో రాయనా?"

"రాయమ్మా. పొరపాటు సహాయకుడిదని రాయి."

"మీదేంటండీ, ఒప్పుకుని నిలబడిన గేదెది," అని నవ్వింది.

రాసింది. ఆ పేజీల్లో గైడు ఒక్క అక్షరమూ దిద్దలేదు.