ప్రశాంతి మొదట చెప్పిన పేరు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది దుబాయ్ కరామాలో మా పక్క గదిలో ఉండే నర్సు సునీత. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా, "మీ ప్రశాంతి యూరప్ వాళ్ల ముందు మాట్లాడుతుందంట అక్కా. నా నీలం కోటు అడిగింది, నీకు చెప్పలేదా?" అంది.

ప్రశాంతి మా అక్క కూతురు. అబుదాబిలో ఒక విశ్వవిద్యాలయంలో మందుల మీద పరిశోధన చేస్తుంది. కోటు కోసం ఆ సాయంత్రమే వచ్చింది. పొద్దున ఆమెతో నేనూ బయల్దేరాను.

ఏడింటికి అల్ ఘుబైబా స్టేషన్లో అబుదాబి బస్సెక్కాం. టికెట్ ఇరవై ఐదు దిర్హాములు. వెళ్లేవాళ్లు నోల్ అనే బస్సు కార్డులో ముందే డబ్బు వేయించుకోండి. ఇడ్లీ పొట్లం విప్పి, ప్రార్థన చేసుకుని తిన్నాం.

యూరప్ నుంచి వచ్చినవాళ్లు తమ ప్రభుత్వాలకు సైన్సు విషయాల్లో సలహాలిస్తారట. పరిశోధనలో ఏఐ వాడకానికి ఏ కట్టుబాట్లుండాలి, కుర్ర శాస్త్రవేత్తల ఉద్యోగాలు ఎలా నిలబడాలి అని ఇక్కడివాళ్లనూ అడుగుతున్నారు. ప్రశాంతి కాంట్రాక్టు వచ్చే నెలతో సరి. పొడిగించాల్సిన ముదీర్, అంటే ల్యాబు పైఅధికారి, మాత్రం ఏఐతో పని ఎంత వేగంగా అవుతుందో అదొక్కటే చెప్పమన్నాడు.

ఆమె మనసులో ఉన్నది బుష్రా. కడప పిల్ల, ఇదే ల్యాబులో చేసేది. ఏఐ ఇచ్చిన ఫలితాలు నమ్మబుద్ధి కాక పరీక్షలన్నీ మళ్లీ తన చేత్తో చేసి తప్పులు పట్టుకుంది. ఆ పనిలోనే కాలం గడిచి సొంత వ్యాసం రాయలేకపోయింది. వ్యాసం లేదని కాంట్రాక్టు ఇవ్వలేదు, దాంతో వీసా పోయింది.

మా ముందు సీట్లో కూర్చున్న, ఏదో కంపెనీలో డ్రైవరు చేసే కరీంనగర్ అన్న వెనక్కి తిరిగి, "ఏఐ వస్తే మా నౌకర్లు ఖలాసేనా చెల్లే?" అన్నాడు.

"సరిచూసే మనిషి ఖలాస్ కాకుంటే చాలన్నా" అంది ప్రశాంతి. తర్వాత నాతో మెల్లగా, "తప్పుల సంగతి చెప్తాను పిన్నీ. బుష్రా పేరెత్తితే మాత్రం ముదీర్ ఊరుకోడు" అంది.

నేను బడికి పోయినదాన్ని కాదు, ఇంట్లో నాన్న నేర్పిన చదువే నాది. నాకు తెలిసిందే చెప్పాను. "మన శుక్రవారం ప్రార్థన కూడికలో సాక్ష్యం ఎలా చెప్తామే? ఎవరి వల్ల మేలు జరిగిందో ముందు వాళ్ల పేరు. తర్వాతే మన సంగతి."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పదింటికి హాల్లో నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టి ఖర్జూరాలు, గహ్వా కాఫీ ఇచ్చారు. ప్రశాంతి లేచింది. ఆ ఇంగ్లీషులో నాకు తెలిసిన మొదటి మాట, ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట కూడా, బుష్రా. మాటలు ముగియగానే, కూడికలో అలవాటు కొద్దీ, గట్టిగా "ఆమెన్" అనేశాను. హాలంతా నా వైపు తిరిగింది. ప్రశాంతి నవ్వాపుకుంది. వచ్చినవాళ్లలో నెరిసిన జుట్టావిడ ఆ పేరు మళ్లీ అడిగి రాసుకుంది. ముదీర్ ఫోన్లోంచి తల ఎత్తలేదు.

బస్ స్టేషన్ దగ్గర మలయాళీ హోటల్లో చేపల కూర, అన్నం తిని మూడింటి బస్సెక్కాం.

"ఆయనేమీ అనలేదు పిన్నీ. రేపంటాడేమో" అని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దారి పొడుగునా దేవుణ్ణి స్తుతిస్తూనే ఉన్నాను. మంచి బస్సు, మంచి తోడు, నోటి దాకా వచ్చి వెనక్కి పోని మాట.

ప్రశాంతి కాంట్రాక్టు ఇంకా తేలలేదు. దాని కోసం నేను ప్రార్థిస్తున్నాను. మీరు ఏ వేళ, ఏ దిక్కుకు తిరిగి ప్రార్థించినా, కడపలో పని కోసం చూస్తున్న బుష్రాను తలచుకోండి.