ఆరున్నర మీటర్ల దొంగతనం

మా మేనమామ ఉద్యోగం ఊడింది, సముద్రం అడుగునుంచి అసలు పైకే రాని రాయిని దొంగిలించాడని.

తీరానికి దూరంగా, సున్నపురాతిలో ఒక చమురు క్షేత్రం దొరికింది. అదెంత పెద్దదో తేల్చడానికి అక్కడక్కడా బావులు తవ్వి, రాతిని గుండ్రటి కడ్డీలా కోసి తెస్తారు. ఆ ముక్కల్ని లోతు వరసలో మీటరు పొడవు పెట్టెల్లో పేర్చడం, వాటిని దాచే షెడ్డు కాపరిగా మామయ్య పని. సున్నపురాయి కొన్నిచోట్ల గుల్లగా ఉంటుంది. డ్రిల్లు తగలగానే పొడైపోయి చేతికేమీ రాదు. అక్కడ ఆయన పెట్టెలో అంత మేరా ఖాళీ వదిలి, లోతు రాసిన చెక్కముక్క పెడతాడు. ముక్కల్ని దగ్గరికి జరపడమంటే ఆయనకు అబద్ధమాడటమే.

మూడో బావిలో పద్దెనిమిది మీటర్లు కోశారు. పెట్టెల్లో ఉన్న రాయి పదకొండున్నర. కొత్తగా వచ్చిన అధికారి టేపు పట్టి కొలిచాడు.

"మిగతా ఆరున్నర ఏదయ్యా?"

"రాలేదు సార్."

"రానిదానికి గేటు పాసేది?"

"రానిది గేటెలా దాటుతుంది సార్!"

"అంటే లోపలే దాచావన్నమాట."

ఆఫీసు నుంచి ముగ్గురొచ్చి మామయ్య ఇల్లంతా సోదా చేశారు. అత్తయ్య బట్టలుతికే బండను మోసుకుపోయి పరీక్షకు పంపారు. నల్లరాయని తేలింది. "నేరముతో సంబంధము లేదు, అయినను స్వాధీనమందుంచవలెను" అని రాశారు.

"దొంగసొత్తు ఎలాగూ మనింటికి రాలేదు, ఉన్న బండ కూడా పాయె. ఎప్పుడిస్తారో కనుక్కోరా" అంది అత్తయ్య నాతో.

ఈలోగా మామయ్య స్థానంలో వచ్చినవాడు ముక్కలన్నీ దగ్గరికి నెట్టి పెట్టెలు ముద్దుగా నింపాడు. అవి చూసినవాళ్లు అంతా గట్టిరాయే, నూనె నిలిచే చోటే లేదు, క్షేత్రం చిన్నదని తేల్చేశారు.

"ఉద్యోగం పోతే పోయింది, నా పెట్టెల చేత అబద్ధాలు చెప్పిస్తున్నార్రా!" అని మామయ్య గిలగిల్లాడాడు. ఖాళీల లోతులు రాసుకున్న తన నోటుపుస్తకం పట్టుకెళ్లి బస్‌స్టాపులో జియాలజిస్టు మేడం చేతిలో పెట్టాడు. ఆమె బావిలోకి దింపిన పరికరం చూపించిన లెక్కలతో పోల్చింది. సరిగ్గా ఆ లోతుల్లోనే గుహలు, గుహల నిండా నూనె. క్షేత్రం మూడింతలైంది. పెద్దలు ఒకరినొకరు అభినందించుకున్నారు.

దొంగతనం ఫైలు మాత్రం మూయలేదు. సొత్తు దొరికితేనే మూస్తారట. ఆరున్నర మీటర్లు తిరిగి అప్పగించానని సంతకం పెడితే షెడ్డు తాళాలిస్తాం, లేకపోతే పెట్టెలు ఇప్పుడున్నట్టే ఉంటాయన్నారు.

"పెట్టావంటే దొంగనని ఒప్పుకున్నట్టే మామయ్యా" అని నేను చదివిన పుస్తకాలన్నీ ఆయన మీద కుమ్మరించాను.

వారం తర్వాత షెడ్డు గుమ్మంలో కనిపించాడు. చేతులకు సున్నం.

"పెట్టేశాన్రా అల్లుడూ. ముందు నా ముక్కల్ని వాటి చోట్లకు జరుపుకున్నా. ఇక నేను అప్పగించిన సొత్తుకు ఏడు పెట్టెలు కావాలన్నారు. ఏడు ఖాళీ పెట్టెలకు తాళం వేసి ఆ మూల పెట్టా. నవ్వకు. ఎవడైనా ఎత్తుకుపోతే మళ్లీ నా మెడకే చుట్టుకుంటుంది."