అందరూ యాదగిరులే

2012లో నేను చిక్కడపల్లిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో డేటాబేస్ పని చూసేదాన్ని. డేటాబేస్ అంటే పేర్లు, నంబర్లు వరసగా దాచే పెద్ద రిజిస్టర్ అనుకోండి. దానికిచ్చే ఆదేశాల చీటీ స్క్రిప్ట్. మా స్క్రిప్టులన్నీ ఆఫీసులో అందరూ తెరవగలిగే ఒక వెబ్ ఫోల్డర్‌లో ఉండేవి. ఎవరైనా దిద్దవచ్చు, లింకు ఇస్తే అక్కడి నుంచే నడుస్తాయి. "లింకుండగా కాపీలెందుకు, చాదస్తం కాకపోతే!" అని అందరికీ క్లాసు పీకేదాన్ని. నా నోరు అలాంటిది.

అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ మా కస్టమర్. ఒక ఆదివారం వాళ్ల మాక్ టెస్టు. మొదటి ఇరవై మందికి ఫ్రీ బ్యాచ్‌లో సీటు. ఆ పొద్దున హాల్ టికెట్లు ప్రింటయ్యే ముందు, పేర్ల మధ్య అనవసరపు ఖాళీలు తీసే స్క్రిప్టును లింకు నుంచి నడిపాను. తెరిచి చదవలేదు. రాసింది నేనే కదా, ఇంక చదివేదేముంది!

గంటలో సెంటర్ నుంచి ఫోన్. "మేడం, జల్ది రాండ్రి. ఈడంత పరేషాన్ ఉంది."

పరిగెత్తాను. గేటు దగ్గర ముందున్న అమ్మాయి హాల్ టికెట్ చూపించింది. "నా పేరు స్వరూప మేడం. గీడ యాదగిరి అని పడ్డది."

"నాది గూడ యాదగిరే," అన్నాడు వెనకున్న అబ్బాయి. ఆ వెనక క్యూ అంతా యాదగిరులే. ఒకడు మాత్రం హాయిగా, "నాది కరెక్టే ఉంది మేడం," అన్నాడు. వాడి పేరు నిజంగానే యాదగిరి.

మా ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడి పేరు కూడా యాదగిరే. ఫోన్ చేస్తే, "ప్రాక్టీసుకని స్క్రిప్టుల నా పేరు పెట్టి చూసిన అక్కా, మళ్ల తీసుడు మర్చిపోయిన," అన్నాడు. తిట్టబోయి ఆగాను. నడిపింది నేను.

బ్యాకప్, అంటే డేటాకు దాచిన నకలు, కవాడిగూడలో మా ఓనర్ గారి బీరువాలో భద్రంగా ఉంది. తాళాలు ఆయన జేబులో, ఆయన ఎవరి పెళ్లిలోనో. సాయంత్రం దాకా రారు.

సెంటర్ సార్ మొండికేశాడు. "పేరు కలవకుంటే లోపలికి పంపేది లేదు."

స్వరూప ఏడ్చేసింది. "ఫ్రీ సీటు రాకుంటే హాస్టల్ ఖాళీ చేసి ఊరికి పోవుడే మేడం." అంతలోనే ముక్కు తుడుచుకుని సార్ వైపు తిరిగింది. "నంబరైతే నాదే ఉంది గదా సార్? మేం నింపిచ్చిన ఫారం మీద గదే నంబరుంది, ఫోటో గూడ ఉంది. అది చూసి పంపుండ్రి."

ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాను. ఒక్కో ఫారం తీసి, మొహం చూసి, యాదగిరిని కొట్టేసి అసలు పేరు చేత్తో రాసి లోపలికి పంపాను. టెస్టు గంట ఆలస్యంగా మొదలైంది. ఫలితాల్లో స్వరూపది పంతొమ్మిదో స్థానం. మా ఇంట్లో ఎవరికో వచ్చినంత సంబరపడ్డాను.

అప్పటి నుంచి ఏ స్క్రిప్టయినా తేదీ వేసి నా దగ్గర కాపీ ఉంచుకుంటాను, చదివాకే నడుపుతాను. నేను మారిపోయాననే అనుకున్నాను.

2014లో సర్టిఫికెట్ కోసం నారాయణగూడలో ఒక ప్రభుత్వ ఆఫీసుకు వెళితే కౌంటర్లో స్వరూప! ఉద్యోగం వచ్చిందట. ఆ సంతోషంలో కౌంటర్ మీదున్న ఫారం లాక్కుని సంతకం పెట్టేశాను.

స్వరూప దాన్ని మెల్లగా నా వైపు తిప్పింది. "జర చదువుండ్రి మేడం."

చదివాను. అది నా పక్కన నిలబడ్డ పెద్దాయన ఫారం.