సత్తెమ్మ గారి రక్తంలో నా కొత్త సిద్ధాంతం

నేను చేసిన ఘనకార్యం వింటే మీరు మళ్లీ ఏ డాక్టరు గడపా తొక్కరు. అయినా చెప్తాను. ఇన్నేళ్లుగా నన్ను నేనే తిట్టుకుని అలిసిపోయాను, ఇక మీరు కూడా ఓ చెయ్యి వేయండి.

రాజమండ్రిలో రక్తం గడ్డకట్టే జబ్బులకు వైద్యం చేస్తూ, వాటి మీదే పరిశోధన కూడా వెలగబెడుతున్న రోజులవి. చేపలమ్మే సత్తెమ్మ గారి గుండెలో లోహపు కవాటం ఉంది. అందుకని రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకోవాలి. చిక్కబడితే కవాటం దగ్గర గడ్డ కడుతుంది, మరీ పల్చబడితే కారడం ఆగదు. అటూ ఇటూ కాకుండా చూడాల్సిన మహాతల్లిని నేను. ఆకుకూరలు ఆ మాత్రకు అడ్డం పడతాయని, తినకూడని వాటి జాబితా ఇంటర్నెట్‌లోంచి దించి, తెలుగులో రాసి, అందరికీ పంచిపెట్టాను.

"బ్రకోలీ అంటే ఏంటండి?" అని ఆవిడ అప్పుడే అడిగింది.

"ఏదైతే ఏంటండి, తినకండి!"

ఓ జూలైలో పరీక్ష చేస్తే ఆవిడ రక్తం చిక్కబడి ఉంది.

"మాత్ర మానేశారా?"

"అయ్యో, లేదండి! మా మనవరాలు ఎదురుగా నిలబడి మింగిత్తదండి."

"ఆకుకూరలు తిన్నారా?"

"మీ కాయితంలో ఉన్నవేవీ ముట్టలేదండి, ఆయ్!"

ఆ వారమే పాలకొల్లు నుంచి ఒకాయన, అన్నవరం నుంచి ఇద్దరు. అందరిదీ అదే వరస. ల్యాబ్ చూసే ప్రసాదు గారి మీద ఎగిరాను.

"మీ మెషిన్ పాడైందండి!"

"మూడుసార్లు చూశాను మేడమ్. మెషిన్ బంగారంలా ఉంది."

అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. గోదావరి జిల్లాల వాళ్ల రక్తానికే ఈ మాత్ర లొంగడం లేదు! జన్యువుల్లోనే ఏదో ఉంది! మా అత్తగారు కట్టిన బాక్సులో కూరేంటో కూడా చూడకుండా తింటూ, మా ప్రొఫెసర్ గారికి పెద్ద మెయిల్ కొట్టాను. సత్తెమ్మ గారికి మాత్ర మోతాదు పెంచాను.

శ్రావణం రాగానే ఆవిడని ఆటోలో తీసుకొచ్చారు. ముక్కులోంచి రక్తం కారుతోంది, చీరకొంగంతా తడిసిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం ఆగేదాకా పక్కనే కూర్చున్నాను.

"అసలు ఏం మారిందండి?" దాదాపు ఏడుస్తూ అడిగాను.

"ఏం మారలేదండి. ఆషాఢం ఎల్లిపోయింది, అంతే."

"ఆషాఢానికీ రక్తానికీ ఏంటండి సంబంధం?"

"ఏమోనండి. మునగాకు మాత్రం ఆపేశాం."

"మునగాకు తిన్నారా!"

"ఆషాఢంలో తినరేంటండి? నెలంతా తిన్నాం. మీ కాయితంలో బ్రకోలీ ఉంది గానండి, మునగాకు లేదు."

లేదు! మునగచెట్టు లేని పెరడు లేని చోట కూర్చుని, జన్మలో చూడని బ్రకోలీని నిషేధించాను నేను. మునగాకు తిన్న నెలంతా రక్తం చిక్కబడింది. ఆపగానే నేను పెంచిన మాత్ర ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది. వెంటనే మా అత్తగారికి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారూ, ఆషాఢమంతా నా బాక్సులో ఏం కూర పెట్టారండి?"

"మునగాకు పెసరపప్పు. రోజూ ఖాళీ చేసుకొచ్చావు కదమ్మా!"

సత్తెమ్మ గారు కోలుకుని మళ్లీ చేపలమ్ముకుంటున్నారు. కొత్త కాయితంలో మునగాకు మొదటి పేరు. అది కూడా మానమని కాదు, రోజూ ఒక్కలాగే తినమని. ప్రొఫెసర్ గారికి మళ్లీ ఏమని మెయిల్ రాశానో మాత్రం అడగకండి.

గోదావరి తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి జన్యువుల్నీ అనుమానించను, ముందు నా బాక్సు మూత తీసి చూసుకుంటే తప్ప.